తెలుగులో మాత్రమే చుట్టాలు

నేనేం ఉద్యోగం చేశానో మా ఆయనకి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఎవరైనా అడిగితే "మా రత్నం కొరియా వాళ్ళ చేత తెలుగు మాట్లాడిస్తుందండీ" అని చెప్పి ఇంకో సమోసా అందుకునేవారు. ఆ మాటలో తప్పేమీ లేదు. సింగపూర్‌లో ఒక చిన్న డబ్బింగ్ కంపెనీలో కూర్చుని కొరియన్ సీరియళ్ళకి తెలుగు డైలాగులు రాయడమే నా పని.

మొన్నామధ్య ఈ పనిలోకి వస్తున్న ఇద్దరు అమ్మాయిలు సలహా కోసం ఇంటికొచ్చారు. ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని అడిగారు. సాఫ్ట్‌వేర్ల గురించి నాకు తెలిసింది సున్నా. బాగా తెలిసింది నేను చేసిన ఒక ఘనకార్యం. అహంకారంతో ఒకే ఒక్క పిలుపు రాసి, పెళ్ళి కావలసిన ఇద్దరిని అన్నాచెల్లెళ్ళని చేసేశాను. దాంతో మా కంపెనీలో తెలుగు రికార్డింగ్ గదే మూతపడబోయింది. ఆ పిల్లలు టీ తాగి వెళ్ళిపోయారు కాబట్టి వాళ్ళకి చెప్పలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను.

చేపల ఉండల మీద

మా స్టూడియో బూన్ లే దగ్గర ఫ్యాక్టరీల వీధిలో, ఒక భవనం నాలుగో అంతస్తులో ఉండేది. మూడో అంతస్తులో సూప్‌లో వేసుకునే చేపల ఉండలు చేసేవారు. ఆ యంత్రం నడిచినప్పుడల్లా మా మైకులో దబదబమని చప్పుడొచ్చేది. అందుకని హీరోయిన్ ఏడుపు మొదలుపెట్టి, కింద ఉండలు చుట్టడం అయ్యేదాకా ఆగి, మిగతా ఏడుపు తర్వాత ఏడ్చేది. ఎంత నిగ్రహంగా ఏడ్చిందో అని చూసినవాళ్ళు మెచ్చుకున్నారు.

తెలుగు గదిలో నాతో కలిపి నలుగురం. రికార్డింగ్ చూసే నఫీసాది హైదరాబాదు. ఏ శబ్దం ఎక్కడ తెగ్గొట్టాలో చెవితోనే పట్టేస్తుంది. హీరోయిన్లకి గొంతు ఇచ్చే స్రవంతి కడప పిల్ల, ఇక్కడి యూనివర్సిటీలో దోమల మీద పరిశోధన చేస్తోంది. ముసలి పాత్రలన్నీ కామేశ్వరి గారివి.

కామేశ్వరి గారు నాకు మనవాళ్ళ కొట్లుండే సెరంగూన్ రోడ్డులో కూరగాయల కొట్టు దగ్గర దొరికారు. డెబ్బై ఏళ్ళ మనిషి, ఒక బెండకాయని పైకెత్తి పట్టుకుని కొట్టువాడితో "బాబూ, ఇది నా పెళ్ళినాటి బెండకాయ. నాకు గుర్తుంది" అంటున్నారు. ఆ గొంతు విని నేను బుట్ట అక్కడే వదిలేసి ఆవిడ వెనక పడ్డాను. భర్త పోయాడు, పిల్లల్లేరు, పాసిర్ రిస్‌లో ఒంటరిగా ఉంటున్నారని తర్వాత తెలిసింది. రోజుల తరబడి మాట్లాడే మనిషి లేక, గొంతు ఉందో పోయిందో చూసుకోవడానికి కొట్లకి వెళ్ళి కొనని వస్తువులకి కూడా బేరమాడేవారట.

ప్రతి మంగళవారం ఆవిడ రైలెక్కి, సింగపూర్ ఆ చివర నుంచి ఈ చివరకి వచ్చేవారు. ఒళ్ళో పులిహోర డబ్బా. రికార్డింగ్ అరగంటే ఉన్నా రోజంతా కూర్చునేవారు.

మా బాస్ లిమ్. ఈ ఊరి చైనీయుడు, యాభై దాటిన బ్రహ్మచారి. పెదవి కదలని చోట మాట పడితే ఊరుకునేవాడు కాదు. తెలుగు ఒక్క ముక్క రాకుండానే తెలుగు తప్పులు పట్టేవాడు. ఆయన మాట్లాడేది ఈ ఊరి ఇంగ్లీషు. నేను తెలుగులో రాస్తున్నాను గానీ చివర వచ్చే 'లా'లు ఆయన సొంతం. మంగళవారాలు మాత్రం పన్నెండు కాకముందే కింద ఫుడ్ కోర్టుకి వెళ్ళి, ఒక బల్ల మీద ఐదు టిష్యూ ప్యాకెట్లు పెట్టి మా ఐదుగురికీ చోటు చోప్ చేసేవాడు, అంటే ఇంకెవరూ కూర్చోకుండా ఆపి ఉంచేవాడు. ఎందుకు చేస్తున్నాడో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఆంటీ అని నేను రాయను

ఆ ఏడు మాకు ఒక సీరియల్ వచ్చింది. తెలుగులో 'వేడినీళ్ళ ఇల్లు' అని పేరు పెట్టాం. సముద్రం ఒడ్డున ఊరు, అందులో మూతపడ్డ స్నానాల గదుల భవనం. దాన్ని చూసుకునే ఒక పెద్దావిడ. మనసు విరిగినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి అక్కడ చేరతారు. ఉద్యోగం పోయి మాట మానేసిన అమ్మాయి, వంట మర్చిపోయిన వంటవాడు, ఇంకా ఇద్దరు ముగ్గురు. ఎవరికీ ఎవరూ ఏమీ కారు. పదహారు భాగాల పాటు సూప్ తాగి, తువ్వాళ్ళు మడతపెట్టి, చివరికి ఒక కుటుంబం అవుతారు. కథ మొత్తం ఇంతే. నాకు మాత్రం చాలా నచ్చింది.

రెండో భాగంలో ఆ అమ్మాయి మొదటిసారి నోరు తెరిచి పెద్దావిడని పిలుస్తుంది. కొరియన్‌లో ఆ మాటకి అర్థం అమ్మ తోడబుట్టినది అని. వాళ్ళు హోటల్లో వడ్డించే ఆవిణ్ణి కూడా అలాగే పిలుస్తారు.

"ఆంటీ అని పెట్టేయ్" అన్నాడు లిమ్. "ఈ ఊళ్ళో అందరూ ఆంటీలే లా."

నాకు ఒళ్ళు మండింది. ఆంటీ అనేది ఒక పిలుపా? బస్సులో పక్కకి జరగమనడానికి పనికొచ్చే మాట. రెండో భాగం దాకా నోరు విప్పని పిల్ల, విప్పి ఆంటీ అంటుందా? నా డైలాగుల్లో ఆ మాట ఎప్పుడూ రాయలేదు, రాయనని చెప్పాను. నేనుండగా ఆ పిల్ల "పెద్దమ్మా" అనే అంటుంది అన్నాను.

స్రవంతి "పెద్దమ్మా" అంది. పక్కన హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న కామేశ్వరి గారు కళ్ళు తుడుచుకున్నారు. గొప్ప టేకు. నా మీద నాకే గౌరవం పెరిగింది.

తర్వాత కథ ఏమిటో మాకు చెప్పేవారు కాదు. సీరియల్ ఇచ్చే పెద్ద కంపెనీ వాళ్ళు వారానికి రెండు భాగాలు పంపేవారు, అవి వెంటనే విడుదలయ్యేవి. తొమ్మిదో భాగంలో పెద్దావిడ కొడుకు ఓడ దిగి ఇంటికొస్తాడు. ఒరిజినల్‌లో ఆ అమ్మాయి "వచ్చారా" అంటుంది, అంతే. నేను ఊరుకోవచ్చుగా! పెదాలు ఇంకాస్త కదులుతున్నాయి కదా అని "దా అన్నయ్యా, కాళ్ళు కడుక్కో, పెద్దమ్మ నీకోసం కలవరిస్తోంది" అని రాశాను. వరసంటే ఇలా ఉండాలి అని స్రవంతికి పాఠం కూడా చెప్పాను.

పన్నెండో భాగం

పన్నెండో భాగం మేడ మీద మొదలవుతుంది. తీగ మీద తువ్వాళ్ళు ఆరుతుంటాయి. ఆ అమ్మాయి, ఆ అబ్బాయి ఒక తువ్వాలు వెనక్కి వెళతారు. చాలాసేపు బయటికి రారు.

నఫీసా వీడియో ఆపింది. "మేడమ్," అంది, "అన్నయ్య తువ్వాల వెనక ఏం చేస్తుండు?"

కింద చేపల ఉండల యంత్రం మొదలైంది.

పది భాగాలు అప్పటికే జనంలోకి వెళ్ళిపోయాయి. వెనక్కి తీసుకునే వీల్లేదు. జనం అంత పట్టించుకోరులే అని నాకు నేనే నచ్చచెప్పుకుని పన్నెండోది పంపేశాను. ఇది నా రెండో తప్పు. తెలుగువాళ్ళు పట్టించుకోరనుకోవడం.

ఆ ఆదివారం సెరంగూన్ రోడ్డులో పచారీ కొట్లో చింతపండు చూస్తుంటే, ఎప్పుడూ నవ్వుతూ పలకరించే ఒకావిడ ఎదురొచ్చి నవ్వకుండా నిలబడింది.

"వేడినీళ్ళ ఇల్లు రాసేది మీరేనటగా?"

"అవునండీ."

"పెద్దమ్మ కొడుకండీ! మా అత్తగారు టీవీ కట్టేసి స్నానం చేశారు. వావివరసలు వద్దా అండీ?"

కొట్లో ఇంకో ఇద్దరు చుట్టూ చేరారు. ఒకాయన, ఆ అబ్బాయి మొహం చూస్తే మంచివాడిలా ఉన్నాడు, వాడికి తెలిసుండదు అన్నాడు. ఎవరికీ ఎవరూ ఏమీ కారు, అది కొరియా అని చెప్పబోయాను. "మరి పెద్దమ్మా అందిగా?" అన్నారు ముగ్గురూ ఒకేసారి. చింతపండు అక్కడే పెట్టేసి వచ్చేశాను.

మంగళవారానికి ఫిర్యాదులు కంపెనీ దాకా వెళ్ళాయి. మిగతా ఏ భాష నుంచీ ఒక్కటీ రాలేదట. వచ్చే వారం భాగాల్లో ఇది సరిచెయ్యాలి, లేదంటే ఈ సీరియల్‌తో తెలుగు పని ఆపేస్తామని వాళ్ళు లిమ్‌కి రాశారు.

ఆపేస్తే నేను రెండేళ్ళు ముందు రిటైరవుతాను, అంతే. నఫీసాకి వేరే భాషల పని ఉంది, స్రవంతికి దోమలున్నాయి. కామేశ్వరి గారికి ఏముంది? మళ్ళీ కొట్లకెళ్ళి కొనని వస్తువులకి బేరమాడాలి. ఆ రోజు ఆవిడ పులిహోర డబ్బా తెరుస్తూ "గది తీసేస్తారా రత్నం?" అని అడిగారు. తీసెయ్యరండీ అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు.

బోర్డు మీద వంశవృక్షం

లిమ్ మీటింగ్ పెట్టాడు. బోర్డు మీద సీరియల్‌లో అందరి పేర్లూ రాసి గీతలు గీయమన్నాడు. గీశాను. పెద్దమ్మ నుంచి ఒక గీత, అన్నయ్య నుంచి ఒక గీత. లిమ్ చాలాసేపు చూశాడు.

"కానీ వీళ్ళు అపరిచితులు కదా?"

"అవును."

"కొరియన్‌లో చుట్టాలు కారు. ఇంగ్లీషులో కారు. జపనీస్‌లో కారు."

"కారు."

"అంటే వీళ్ళు తెలుగులో మాత్రమే చుట్టాలా?"

"అవును" అన్నాను. నా ముప్ఫై ఏళ్ళ వృత్తిని అంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

నఫీసాకి మాత్రం మా గొడవేమిటో అర్థం కాలేదు. "గిందులో ఏమున్నది మేడమ్? నేను మా ఖాలా కొడుకునే చేసుకున్న. ఖాలా అంటే మీ పెద్దమ్మే. ఇరవై ఏండ్లయింది, మంచిగనే ఉన్నం. సీరియల్‌ని మా ఇండ్ల చూడమని చెప్పురి, ఏ పరేషానీ లేదు."

లిమ్ ఆశగా నా వైపు చూశాడు. తెలుగువాళ్ళలో ఒకరికి కుదిరేది ఇంకొకరికి ఎందుకు కుదరదో ఆయనకి చెప్పాల్సొచ్చింది. పెద్దమ్మ కొడుకైతే అన్నయ్య, అత్తయ్య కొడుకైతే బావ. ఆవిడ అదే ఆవిడ, వాడు అదే వాడు, పిలుపు మారితే పెళ్ళి కుదురుతుంది. లిమ్ బోర్డు దగ్గరికెళ్ళి 'పెద్దమ్మ' తుడిచేసి, "అయితే అత్తయ్య అని రాయి లా" అన్నాడు. పది భాగాల తర్వాత ఉన్నట్టుండి ఎలా మారుస్తామండీ అంటే మళ్ళీ కూర్చున్నాడు.

స్రవంతి ఉపాయం చెప్పింది. "ఆంటీ, లాస్ట్ ఎపిసోడ్‌లో ఇదంతా కల అని చెప్పేద్దామా? మా ఊర్లో ఎవురూ ఏమీ అనుకోరు."

నేను రాసిన పరిష్కారాలు ఇంకా ఘోరం. ఒకదాంట్లో ఆసుపత్రిలో పిల్లలు తారుమారయ్యారు. ఒకదాంట్లో ఆ అమ్మాయి తండ్రికి ఈ పెద్దావిడ చిన్నప్పుడు రాఖీ కట్టింది, కాబట్టి మేనత్త. కొరియాలో రాఖీ ఎవరు అమ్మారని నఫీసా అడిగింది. ఏడు చిత్తుప్రతులు చించేశాను.

నలభై సెకన్లు

ఈ పనిలోకి వచ్చేవాళ్ళు నేర్చుకోవలసిన కిటుకు ఒకటుంది. మనిషి వీపు కెమెరా వైపు ఉంటే పెదాలు కనబడవు, అక్కడ ఏ మాటైనా పెట్టొచ్చు. సొంత తప్పులు దిద్దుకోవడానికి ఈ లోకంలో ఉన్న చోటల్లా ఆ వీపులే. పదమూడో భాగమంతా వీపుల కోసం వెతికాం. దొరికింది ఒక్కటే. నలభై సెకన్లు.

ఆ అమ్మాయికి భయమేస్తుంది. ఈ ప్రేమ చెడితే ఉన్న ఒక్క ఇల్లూ పోతుందని సంచీ సర్దుకుంటుంది. స్నానాల గది గుమ్మంలో చీకట్లో నిలబడుతుంది. పెద్దావిడ అటు తిరిగి గచ్చు తోముతుంటుంది. నలభై సెకన్లు ఎవరూ మాట్లాడరు, బ్రష్షు చప్పుడు తప్ప. చివర ఆ అమ్మాయి సంచీ కింద పెట్టేస్తుంది. ఆ మౌనం మీద కొరియాలో వ్యాసాలు రాశారట. నేను అందులో వంశవృక్షం కూరబోతున్నాను.

నా ఎనిమిదో ప్రతి కామేశ్వరి గారి చేతిలో పెట్టాను. అందులో రెండు తరాలు, ఒక మేనరికం, ఒక పడవ ప్రమాదం ఉన్నాయి. ఆవిడ మైకు ముందు నిలబడి కాగితం మొత్తం చదివారు. అద్దాలు తీసి మడిచి కాగితం మీద పెట్టారు.

"ఇంత దేనికే రత్నం? పిల్లని ఉండమనడానికే కదా?"

కింద యంత్రం ఆగింది. నఫీసా చెయ్యెత్తింది. తెర మీద బ్రష్షు కదిలింది. ఇరవై సెకన్ల దాకా ఆవిడ ఏమీ అనలేదు. డైలాగు మర్చిపోయారనుకుని నేను కాగితం అందివ్వబోయాను. అప్పుడు అన్నారు:

"నువ్వేమని పిలిచినా పలుకుతానే పిల్లా. కానీ అత్తయ్యా అన్నావనుకో, ఈ ఇంట్లోనే ఉండిపోవచ్చు."

తెర మీద ఆ అమ్మాయి సంచీ కింద పెట్టింది.

"అత్తయ్యా" అనేసింది స్రవంతి. అది ఎక్కడా రాయలేదు. ఆ అమ్మాయి పెదాలు కదిలాయో లేదో చీకట్లో తెలియదు. అద్దం అవతల కూర్చున్న లిమ్ టేకు ఆపుతాడని అందరం అటు చూశాం. ఆయన ఆపలేదు.

బయటికొచ్చాక, ఆవిడ ఏమన్నదని నన్ను అడిగాడు. చెప్పాను. "అయితే అత్తయ్య అంటే ఉండిపోవచ్చా?" అన్నాడు. ఉండొచ్చన్నాను. జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీసి, ఇంగ్లీషు అక్షరాల్లో ఆ మాట రాసుకున్నాడు.

వాళ్ళ కళాఖండం లాంటి మౌనంలో మాటలెవరు పెట్టారని పెద్ద కంపెనీ మండిపడింది. తెలుగులో ఆ మౌనానికి చట్టపరమైన ఇబ్బంది ఉందని లిమ్ జవాబు రాశాడు. వాళ్ళకి ఏమర్థమైందో గానీ మళ్ళీ అడగలేదు. పై ఆదివారం పచారీ కొట్లో అదే ఆవిడ నవ్వుతూ ఎదురొచ్చింది. "ఆవిడే చెప్పిందిగా అండీ అత్తయ్యా అనమని. ఇంక మనకేంటి? పెళ్ళెప్పుడు?" రాఖీలు, పడవ ప్రమాదాలు ఎవరికీ అక్కర్లేకపోయాయి. పెద్ద మనిషి ఒకరు నోటితో వరస కలిపేసరికి అందరూ సర్దుకున్నారు. గది నిలిచింది.

ఆ కొరియన్ వాళ్ళు పదహారు భాగాలు కష్టపడి కుటుంబమైతే, నేను రెండో భాగంలోనే ఒక్క మాటతో చేసేశాను. నా తెలుగు గొప్ప చూపించుకోవడానికి చేశాను. ఆ మాట ఎవరి కాళ్ళకి అడ్డం పడుతుందో చూసుకోలేదు. మీరు చూసుకోండి.

వార్డు బయట

నేను రిటైరైన తర్వాత ఆ గదీ ఎత్తేశారు, వేరే కారణాలకి. మంగళవారాలు మాత్రం ఎవరూ ఎత్తెయ్యలేదు. లిమ్ టిష్యూ ప్యాకెట్లు పెడుతూనే ఉన్నాడు, కామేశ్వరి గారు రైలెక్కుతూనే ఉన్నారు.

పోయిన మంగళవారం ఆవిడ రాలేదు. పాసిర్ రిస్ మార్కెట్లో జారిపడి, తుంటి ఎముక విరిగి, ఆపరేషన్ అయిందని ఫోనొచ్చింది. నలుగురం పరిగెత్తాం. వార్డు గుమ్మంలో నర్సు ఆపింది. ఇవాళ ఇంటివాళ్ళని మాత్రమే, అదీ ఒక్కరినే వదులుతామంది. నా చేతికి కాగితం ఇచ్చింది. అందులో ఒక గడి: పేషెంటుకి మీరేమవుతారు?

ముప్ఫై ఏళ్ళు ముక్కూమొహం తెలియనివాళ్ళకి వరసలు కట్టినదాన్ని. ఆ గడి ముందు కలం ఆగిపోయింది. ఇన్నేళ్ళలో నేను ఆవిడని 'కామేశ్వరి గారూ' అనడం తప్ప ఏమీ పిలవలేదు. సిగ్గేసింది. ఏడుపొచ్చింది.

"షీ ఈజ్ మై ఆంటీ" అంది నఫీసా.

"నాకూ ఆంటీయే" అంది స్రవంతి.

నర్సు తల అడ్డంగా ఊపింది. "ఈ ఊళ్ళో అందరూ ఆంటీలే. అది చెల్లదు."

అప్పుడు లిమ్ ముందుకొచ్చాడు. ఆవిడ మా అత్తగారు అని ఇంగ్లీషులో చెప్పాడు. నర్సు ఆయన్ని, లోపల మంచం మీద దుప్పటి కప్పుకున్న కామేశ్వరి గారిని మార్చి మార్చి చూసింది. "మీ భార్య ఎవరు?" అంది. లిమ్ మా ముగ్గురి వైపూ తిరిగాడు. నఫీసా మొగుడు ఇంట్లో ఉన్నాడు, మా ఆయన కింద పార్కింగ్‌లో ఉన్నారు, స్రవంతి ఒక అడుగు వెనక్కి వేసింది.

లిమ్ జేబులోంచి పాత నోటు పుస్తకం తీశాడు. ఒక పేజీ వెతికి, కూడబలుక్కుని, మంచం వైపు చూస్తూ గట్టిగా పిలిచాడు.

"అత్... తయ్యా!"

"ఆఁ, రా నాయనా" అన్నారు కామేశ్వరి గారు లోపల్నుంచి. "అన్నం తిన్నావా?"

నర్సు పక్కకి జరిగింది. లిమ్ లోపలికి వెళ్ళిపోయాడు. నేను గుమ్మం బయట కాగితం పట్టుకుని నిలబడ్డాను.